సగం దించిన షట్టర్

నాగపూర్‌లో పది రోజులు ట్రైనింగ్ ఇస్తామంటే వద్దని చెప్పి, దానికి బదులుగా ఒక ప్రింటర్ రాబట్టిన మొనగాణ్ణి నేను. మా సిమెంటు ఫ్యాక్టరీకి కొత్త డేటాబేస్ అమ్మడానికి వచ్చిన మనిషి ముందు నవ్వాడు, తర్వాత టై వదులు చేసుకున్నాడు, చివరికి సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం ఫ్యాక్టరీ ఉన్న కోర్పనా నుంచి మా ఊరు రాజురా దాకా బస్సులో నిలబడే వెళ్లాను గానీ, దారి పొడుగునా మీసం మీద చెయ్యి తియ్యలేదు. ట్రైనింగ్ అంటే గాలిలో కలిసిపోయే మాటలు. ప్రింటర్ అంటే ఇద్దరు మనుషులు పట్టి మోయాల్సిన వస్తువు. ఈ రెంటిలో ఏది సరుకో మా ఇంట్లో ఎవరిని లేపి అడిగినా చెబుతారు.

మాది ఆదిలాబాద్ సరిహద్దు దాటగానే మహారాష్ట్రలో వచ్చే రాజురాలో దుకాణాల కుటుంబం. నాయనకు కిరాణా, చిన్నాయనకు బట్టలు, మేనమామకు ఇనుప సామాను. ఇంట్లో మాట తెలుగు, బళ్లో రాత మరాఠీ, గిరాకీతో, అంటే కొనడానికి వచ్చినవాళ్లతో, హిందీ. తెలుగు చదవడం మాత్రం నాకెవరూ నేర్పలేదు. ఆదిలాబాద్ నుంచి సరుకు చుట్టుకొచ్చే పాత పేపర్లు విప్పి చదువుకున్నాను. అందుకే ఇప్పటికీ నా తెలుగులో అక్కడక్కడా బెల్లం మరకలు ఉంటాయి, సర్దుకోండి.

దేశం తలుపులు తెరిచిందని అందరూ అంటున్న రోజులవి. మా వైపు ఆ సంగతి లారీల్ని చూస్తే తెలిసేది. సిమెంటుకు గిరాకీ పెరిగింది, ఘుగ్గుస్ నుంచి బొగ్గు లారీలు బారులు తీరాయి, కంప్యూటర్ల ధర దిగింది. ఫ్లాపీల మీద నడిచే పాత ప్రోగ్రాములు తీసేసి పెద్ద డేటాబేస్ పెట్టండని ముంబై నుంచి హెడ్ ఆఫీసు ఉత్తరం వచ్చింది. కంప్యూటర్ సెక్షన్‌లో ఉన్నది ఇద్దరం: మరాఠీ మేనేజరు సాబ్, నేను. బేరం నాకు బాగా వచ్చని సాబ్ ఆ కొనుగోలు నాకు అప్పజెప్పారు. ఎంత బాగా వచ్చో పైన చెప్పాను.

ప్రింటర్ వచ్చింది. డేటాబేస్ కూడా వచ్చింది. అమ్మినవాడు పెట్టి, మొదటి బ్యాకప్ టేపు తనే తీసి అల్మారాలో పెట్టి, దండం పెట్టి వెళ్లిపోయాడు. దాన్ని నడపడం ఎలాగో ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు.

తెలిసినవాళ్లు చంద్రపూర్‌లో ఉన్నారని విన్నాను. జట్‌పురా గేట్ దగ్గర ఒక టైపింగ్ ఇన్‌స్టిట్యూట్, దాని పైఅంతస్తులో నాలుగు కంప్యూటర్ల క్లాసు. నెలకోసారి, రెండో ఆదివారం పొద్దున, చుట్టుపక్కల గనుల్లో, మిల్లుల్లో, బ్యాంకుల్లో డేటాబేస్ చూసేవాళ్లు ఇరవై మంది దాకా అక్కడ చేరేవారు. ఒకరు మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు, తర్వాత అందరూ కిందికి దిగి తర్రీ పోహా, అంటే కారం పులుసు పోసిన అటుకులు, తింటారు. ఫీజు లేదు. ఫీజు లేని చోటు అనగానే నా కాళ్లు వాటంతటవే అటు నడిచాయి. షరతు మాత్రం ఒకటుంది. మూడుసార్లు వచ్చి విన్నవాడు నాలుగోసారి తనే నిలబడి మాట్లాడాలి.

అక్కడ అందరికంటే బాగా చెప్పేది బల్లార్‌పూర్ నుంచి వచ్చే ఒక మేడం. కరీంనగర్ వైపు మనిషి, ఉద్యోగం కోసం ఇటు వచ్చారు. తెలుగు, హిందీ, కొంచెం మరాఠీ కలిపి చెప్పేవారు. ఇండెక్స్ ఎందుకు అవసరమో ఆమె చెబుతుంటే నాకు మా నాయన జీలకర్ర డబ్బా చూడకుండా చెయ్యి పెట్టి తీయడం గుర్తొచ్చింది. ఒక ప్రశ్నకు జవాబు రావడానికి పది నిమిషాలు పట్టే మా స్టోర్సు రిపోర్టు, ఆమె చెప్పినట్టు చేస్తే టీ గ్లాసు పెదవికి తగిలేలోపు వచ్చింది. ఆ పైఅంతస్తులో నేను నేర్చుకున్నది తక్కువేమీ కాదు. ఒక్క మాట దగ్గర మాత్రం తప్పుగా విన్నాను.

ఆ మాట ‘బంద్’.

బ్యాకప్ గురించి చెప్పిన రోజు మేడం, “పహలే డేటాబేస్ బంద్ కరో. బంద్ అయినంకనే కాపీ తీయాలె” అన్నారు. నేను నోటుబుక్కులో బుద్ధిగా రాసుకున్నాను: ముందు బంద్, తర్వాత కాపీ.

ఇక్కడ మా బజారు సంగతి మీకు చెప్పాలి. మా రాజురాలో బంద్ అంటే షట్టర్ సగం దించడం. ఏ పార్టీ బంద్ పిలిచినా, అమావాస్య సెలవైనా, షట్టర్ నడుము దాకా దిగుతుంది. లోపల ఉన్న గిరాకీ లోపలే ఉంటుంది. తెలిసినవాడు వంగి లోపలికొస్తాడు. తూకం ఆగదు. సాయంత్రం ఎవరైనా అడిగితే, “ఇయ్యాల పొద్దంత బంద్ ఉంటిమి” అంటాం. అది అబద్ధమని చెప్పేవాడికీ అనిపించదు, వినేవాడికీ అనిపించదు. ఆ మాటను నేను అదే అర్థంతో డేటాబేస్ దాకా మోసుకుపోయాను.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా ఆఫీసులు భోజనానికి లేస్తాయి. ఆ గంటలో బ్యాకప్ తీద్దామనుకున్నాను. అకౌంట్సు, స్టోర్సు, టైం ఆఫీసు, అన్ని చోట్లా తమ తమ కంప్యూటర్ తెరలు మూసేయాలని సర్క్యులర్ రాయించి సాబ్ సంతకం తీసుకున్నాను. ఒక్క కాంటా దగ్గర చిక్కొచ్చింది. లారీల్ని తూచి ఆ తూకం డేటాబేస్‌లోకి ఎక్కించే వేబ్రిడ్జిని మా దగ్గర కాంటా అంటారు. అది గంటసేపు ఆగితే లారీల బారు గేటు దాటి రోడ్డు మీదికి పోతుంది, డిస్పాచ్ ఇన్‌చార్జి నా మీదికి వస్తాడు. పాత ప్రోగ్రాముల రోజుల్లో పని నడుస్తుండగానే ఫ్లాపీల మీదికి కాపీ చేసేవాణ్ణి. ఎప్పుడూ ఏమీ కాలేదు. కాబట్టి మిగతావన్నీ మూసి, కాంటాను నడవనిచ్చాను. సగం షట్టర్.

కాంటా ఆపరేటర్ నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. కోర్పనా పక్క ఊరి తెలుగు రైతు. సున్నపురాయి గనికి పొలం పోయింది. బదులుగా ఫ్యాక్టరీలో ఉద్యోగం అన్నారు. ఇచ్చింది మాత్రం కాంట్రాక్టు. ఏడేళ్లుగా అదే కుర్చీ, అదే కాంట్రాక్టు. ఆ వేసవిలో పర్మనెంట్ లిస్టు వస్తుందని, అందులో తన పేరుందని పర్సనల్ ఆఫీసు గుమాస్తా చెవిలో వేశాడు. కాలనీలో ఖాళీగా ఉన్న ఒక క్వార్టరు చుట్టూ ఆయన అప్పటికే రెండుసార్లు సైకిలు మీద తిరిగొచ్చాడు. పిల్లలకు కాలనీ బళ్లో సీటు కూడా పర్మనెంట్ వాళ్లకే. ఏడేళ్ల ఎదురుచూపంతా ఆ లిస్టు మీద ఉంది.

నేను దుకాణపువాణ్ణని ఆయన నన్ను సేఠ్ అని పిలిచేవాడు. సర్క్యులర్ చేతిలో పట్టుకొని వచ్చాడు.

“ఏంది సేఠ్, కాయితం మీద అందర్ని బంద్ జెయ్యుమని రాసినవ్. నన్నేమో నడ్పుమంటున్నవ్. రేపు ఎవలన్న అడిగితె?”

“నేనున్న గదన్నా. నేను జెప్పిన అను.”

“గదే ముక్క ఓ చిట్టీ మీద రాసియ్యరాదు?”

“చిట్టీ రాస్తె సాబ్ సంతకం గావాలె. సంతకం గావాల్నంటె సాబ్‌కు అర్థం గావాలె. గది ఇప్పట్ల అయ్యే పనేనా?”

ఆయన నవ్వి, “అంటె నీ మాట గూడ ఉద్దెరనేనా?” అని వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి ఒంటిగంటకు అందరూ బంద్, కాంటా ఒక్కటీ చాలూ, అంటే నడుస్తూనే ఉంటుంది.

మూడు నెలలు హాయిగా నడిచింది. చంద్రపూర్‌లో నాలుగోసారి నా వంతు వచ్చింది. నేను మాట్లాడిన విషయం: లారీ ఆగకుండా బ్యాకప్. ప్రొజెక్టర్ మీద పెట్టే పలచటి ప్లాస్టిక్ కాగితం మీద స్కెచ్ పెన్నుతో షట్టర్ బొమ్మ కూడా గీశాను. సగానికి దించి.

మేడం మొదటి వరసలో కూర్చున్నారు. “ఆ కాంటా వాళ్లు లోపటనే ఉన్నరు గదా. ఇగ బంద్ ఎక్కడైనట్టు?” అని అడిగారు.

“గిరాకి లోపలుండంగ షట్టర్ మొత్తం దించుతమా మేడం? కొత్తోడు రావద్దు, ఉన్నోడు పోవద్దు.”

హాలంతా నవ్వింది. మేడం నవ్వలేదు. “ఈ టేపు ఒక్కసారన్న తిరిగి ఎక్కించి చూసిన్రా? ఇక్కడికి తెస్తె క్లాసు మిషన్ మీద చూద్దుము.”

“టేపు గేటు దాటాల్నంటె గేట్ పాస్ మీద మూడు సంతకాలు మేడం. మనిషి దాటుడే కష్టమున్నది.”

మళ్లీ నవ్వులు. ఆమె, “తేకుంటె మానె. మీ దగ్గరనే చూడున్రి. తప్పకుంట చూడున్రి” అన్నారు. “చూస్త మేడం” అన్నాను. చూడలేదు. గేట్ పాస్ కూడా నేనెప్పుడూ అడగలేదు. ఆ రోజు ఘుగ్గుస్ గనుల నుంచి వచ్చిన ఒకాయన నా పద్ధతి మొత్తం నోటుబుక్కులో ఎక్కించుకొని, పోహా తన ఖాతాలో తినిపించాడు.

వేసవిలో ఒక బుధవారం పొద్దున కంప్యూటర్ లోపల నుంచి కంకర నలిగినట్టు చప్పుడొచ్చి డిస్కు ఆగిపోయింది. నాగపూర్ నుంచి ఇంజనీరు మధ్యాహ్నానికల్లా వచ్చి కొత్త డిస్కు బిగించాడు. నేను దర్జాగా అల్మారా తెరిచి ముందురోజు టేపు పెట్టాను. గంట తర్వాత తెర మీద ఒక వరస పడింది. ఈ ఫైళ్లన్నీ ఒకే సమయానివి కావు, తెరవను అని దాని సారాంశం. సోమవారం టేపు పెట్టాను. అదే వరస. ముందు వారం టేపులు పెట్టాను. ఆరు టేపులు, ఒకే జవాబు.

మేడంకు ఫోన్ చేశాను. మర్నాడు సెలవు పెట్టి, రాజురాలో బస్సు మారి వచ్చారు. అరగంట చూసి, సాబ్ ముందరే నన్ను అడిగారు. “కాపీ తీసేటప్పుడు డేటాబేస్ ఇంజన్‌ను ఆపిన్రా, లేక మనుషుల్నే బయటికి పంపిన్రా?”

“మనుషుల్నే.”

ఆమె సాబ్‌కు హిందీలో వివరించారు. డేటాబేస్ అంటే ఒకదాని మీద ఒకటి ఆధారపడే ఫైళ్ల గుంపు. ఒక లారీ తూకం పడితే నాలుగు ఫైళ్లలో రాత పడుతుంది. మొదటి ఫైలు కాపీ అయింది ఒంటిగంట పదికి, చివరిది ఒంటిగంట నలభైకి. ఆ మధ్యలో తూగిన లారీలు ఒక ఫైలుకు తెలుసు, ఇంకోదానికి తెలియవు. ఆ రాతలన్నీ రాసే ఇంజన్‌నే ఆపేసి ఉంటే ఈ గొడవ లేదు. ఇప్పుడు పనికొచ్చేది, అమ్మినవాడు మొదట్లో ఆపి తీసిన ఒక్క టేపే. ఆ తర్వాత నాలుగు నెలల పని కాగితాలు చూసి మళ్లీ ఎక్కించాల్సిందే.

సాబ్ లేచి గోడకు అంటించిన సర్క్యులర్ చదివారు. “ఇసమే తో సబ్‌కో బంద్ లిఖా హై. కాంటావాలేనే బంద్ నహీ కియా?”

ఇందులో అందరినీ బంద్ చెయ్యమని ఉంది, కాంటావాడు చెయ్యలేదా అని. ఇద్దరూ నా వైపు చూశారు. కాంటా ఆయన బంద్ చేయకపోవడం నా మాట వల్లే. ఆ మాట చెబితే సరిపోయేది. నా నోటి నుంచి వచ్చింది వేరే మాట. “పూఛ్‌నా పడేగా, సాబ్.”

దుకాణంలో గిరాకీ చివరి ధర అడిగినప్పుడు, చెప్పడం ఇష్టం లేకపోతే మేం అనే మాట అది. అడిగి చెబుతా. అడగడానికి లోపల ఎవరూ ఉండరు. కాస్త సమయం కొనుక్కోవడానికి అలవాటుగా అంటాం. నేనూ అలవాటుగానే అన్నాను.

మేడం నా ముఖం వైపు చూశారు. నా షట్టర్ బొమ్మ ఆమె చూసినదే. సాబ్ ముందు ఏమీ అనలేదు. బస్సు దగ్గరికి దింపడానికి వెళ్తే అప్పుడన్నారు. “నేను బయటిదాన్ని, నేను చెప్పను. మీరు చెప్పున్రి. ఇయ్యాల్నే చెప్పున్రి.”

ఆ రోజు చెప్పలేదు. శుక్రవారం టైపింగ్ పని మొదలైంది. కాంటా చీటీల నకళ్లు గోనెసంచుల్లో ఉన్నాయి. వాటి మీద చేతిరాత ఆ ఆపరేటర్‌కు తప్ప ఎవరికీ అర్థం కాదు. తన షిఫ్టు అయిపోయాక నా పక్కన కూర్చుని ఒక్కో చీటీ చదివేవాడు, నేను టైపు చేసేవాణ్ణి. లారీ నంబరు, ఖాళీ బరువు, నిండు బరువు.

“లిస్టు వచ్చే వారమే ఒస్తదట సేఠ్.”

“ఊఁ.”

“ఏంది ఊఁ? మిఠాయి నీ దుకాణంల కెల్లి గాదులే, నేనే తెస్త.”

శనివారం సాయంత్రం సాబ్ రిపోర్టు కార్బన్ కాపీ నా బల్ల మీదికి వచ్చింది. వేబ్రిడ్జి ఆపరేటర్ సర్క్యులర్‌ను పాటించనందువల్ల బ్యాకప్‌లు చెడిపోయినవి. ఆయన పేరు, కాంట్రాక్టు నంబరు. పర్సనల్ విభాగానికి ఒక నకలు. ఆ కాగితాన్ని ఆదివారమంతా ఇంట్లో పెట్టుకొని కూర్చున్నాను.

సోమవారం పొద్దున సాబ్ గదిలోకి వెళ్లాను. అప్పుడు కూడా ముందు బేరమే చేశాను. ఎక్కడో ఏదో అపార్థం జరిగిందని రాద్దాం సాబ్, ఎవరి పేరూ వద్దు అన్నాను. సాబ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“కాంటా చాలూ ఠేవ్ అసం త్యాలా తుమ్హీ సాంగితలం కా?”

నడపమని నువ్వు చెప్పావా అని. “హో సాబ్,” అని ఒప్పుకున్నాను.

“లేఖీ?”

రాసిచ్చావా అని. “నాహీ సాబ్. తోండీ.” నోటిమాటగా.

సాబ్, శనివారం టపా సంచిలోనే రిపోర్టు ముంబై వెళ్లిపోయిందని చెప్పారు. నా ముందే ఇంకో ఉత్తరం రాయించారు. తప్పు ఆపరేటర్‌ది కాదు, నోటిమాటగా ఆదేశం ఇచ్చింది ఫలానావాడు అని. అందులో నా పేరుంది. అది మంగళవారం సంచిలో పోయింది. లిస్టు గురువారం వచ్చింది. ఆయన పేరు లేదు. రెండో ఉత్తరం చేరేసరికి లిస్టు మీద డైరెక్టరు సంతకం ఆరిపోయింది. మళ్లీ లిస్టు వేసినప్పుడు చూద్దాం అని జవాబు.

ఆ సాయంత్రం కాంటా గదికి వెళ్లి మొత్తం చెప్పాను. బయట లారీ ఒకటి ఎక్కి ఉంది. ఆయన తూకం చూసి, చీటీ చింపి, డ్రైవరుకిచ్చి పంపి, అప్పుడు తిరిగాడు.

“సోమారం చెప్పినవా?”

“అవునన్నా.”

“శుక్కురారం నించి నీ పక్కన కూసోని చీటీలు సదువుతున్న గద.”

ఇంకో లారీ హారన్ కొట్టింది. “జరుగున్రి సార్, బండి ఒస్తున్నది” అన్నాడు. ఆ రోజు తర్వాత నన్ను సేఠ్ అని పిలవలేదు. చీటీలు చదవడం మాత్రం మానలేదు. పని పూర్తయ్యేదాకా, పంతొమ్మిది రోజులు, రోజూ వచ్చాడు.

తర్వాతి రెండో ఆదివారం నా వంతు కాకపోయినా లేచి నిలబడ్డాను. ముందు నేను చెప్పింది తప్పని, దాని వల్ల మా దగ్గర ఏమైందో, ఎవరి పేరు లిస్టులోంచి పోయిందో చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఘుగ్గుస్ ఆయన మర్నాడే తన టేపు ఎక్కించి చూసుకున్నాడు. అదీ తెరుచుకోలేదు. ఆయన డిస్కు బాగుంది కాబట్టి బతికిపోయాడు. అప్పటి నుంచి ఆ గుంపులో బ్యాకప్ గురించి మాట్లాడేవాడు టేపు వెంట తెచ్చి, అందరి ముందు క్లాసు మిషన్ మీద ఎక్కించి చూపించాలని మేడం రూలు పెట్టారు. గేట్ పాస్ మీద మూడు సంతకాలు ఎంతసేపట్లో అవుతాయో అప్పుడు తెలిసింది. ఇరవై నిమిషాలు.

ఇప్పుడు మీ బ్యాకప్‌లు మీకు కనపడని ఊళ్లో ఎక్కడో వాటంతటవే జరుగుతాయి. పచ్చ గుర్తు చూసి ఇంటికి వెళ్తారు. నేను చెప్పగలిగింది ఒక్కటే. నెలకోసారి దాన్ని తిరిగి ఎక్కించి చూడండి. ఎవరికైనా నోటిమాటగా మినహాయింపు ఇస్తే, అదే రోజు కాగితం మీద పెట్టండి. కాగితం ఉండేది మీ కోసం కాదు, ఆ మనిషి కోసం.

ఇక బిల్లు. నా వైపు నుంచి కట్టింది: పంతొమ్మిది రోజుల టైపింగ్, ఒక మెమో, ఒక ఆదివారం తలవంపు. అంతే. రాబట్టింది అంతకంటే చాలా ఎక్కువ. చెడిన డేటాబేస్‌ను నిలబెట్టిన అనుభవం ఉన్నవాడని హెడ్ ఆఫీసు నన్ను మిగతా ఫ్యాక్టరీలకు నేర్పడానికి పంపింది. ఏడాదిన్నరకు ప్రమోషన్ ఇచ్చింది. నా ఉద్యోగం పెరిగిందే ఆ తప్పు మీద.

ఆయన లెక్క వేరు. మళ్లీ లిస్టు వచ్చి ఆయన పేరు ఎక్కడానికి రెండేళ్ల నాలుగు నెలలు పట్టింది. ఆయన చూసుకున్న క్వార్టరు వేరేవాళ్లకు పోయింది. పెద్ద పిల్లకు కాలనీ బళ్లో చదివే వయసు దాటిపోయింది. రిటైరైన రోజున పర్మనెంట్ సర్వీసు లెక్క కట్టినప్పుడు ఆ రెండేళ్ల నాలుగు నెలలు అందులో లేవు. ఆ కాగితం ప్రింటు తీసి చేతికిచ్చింది నేనే. ఆయన ఒకసారి చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.